విజయగారి పికప్‌కి రెండో సూపర్‌చార్జర్

1983. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో నేను ఇంజన్ షాపు పెట్టి మూడేళ్లయింది. అంతకుముందు పదేళ్లు ఒక కార్ల కంపెనీ ల్యాబులో డైనో మీద పనిచేశాను. డైనో అంటే ఇంజన్ బలాన్ని కొలిచే మెషిన్. చప్పుడు విని జబ్బు చెప్పేసేవాణ్ని. నాకు తెలియని ఇంజన్ లేదనుకునేవాణ్ని. ఇప్పటికీ అలాగే అనుకుంటాను, ఈ ఒక్క కేసు గుర్తొచ్చినప్పుడు తప్ప.

ఏప్రిల్‌లో ఒక శనివారం భాస్కర్రావు తన పికప్ తీసుకొచ్చాడు. ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో నక్షాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్. మా తెలుగువాళ్లలో పికప్ ట్రక్కు ఉన్నది అతనొక్కడికే.

"మూర్తిగారూ, దీనికి సూపర్‌చార్జర్ పెట్టాలండీ. రోజూ నడిపే బండి. ఫ్రీవే ఎక్కేటప్పుడు ఈడుస్తోంది. మొన్న పద్దెనిమిది చక్రాల ట్రక్కు వెనకనుంచి మీదకొచ్చేసిందట."

ఆ "అట" నా చెవికి ఎక్కలేదు. ఎక్కి ఉంటే ఈ కథే లేదు.

సూపర్‌చార్జర్ అంటే ఇంజన్ బెల్టుతో తిరుగుతూ సిలిండర్లలోకి గాలిని కుక్కే పంపు. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బలం పెరుగుతుంది.

"బానెట్ కోసుకుని పైకి రావాలండీ, డ్రాగ్ రేసుల్లో లాగా!" అన్నాడు.

"ఆఫీసుకెళ్లే బండి మీద గోపురం కట్టించుకుంటారా?" అని కోప్పడి, క్లాసు పీకాను. రూట్స్ రకం ఇంజన్ నెత్తిన కూర్చుంటుంది, వేగం తక్కువగా ఉన్నప్పుడే గాలి తోస్తుంది. సెంట్రిఫ్యూగల్ రకం పక్కన ఒదిగి ఉంటుంది, వేడి తక్కువ, ఇంజన్ జోరుగా తిరిగేకొద్దీ దాని బలం పెరుగుతుంది. రోజూ నడిపేదానికి సెంట్రిఫ్యూగలే అని తేల్చేశాను.

బిగించాను. టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్లి కసిగా తొక్కితే బండి ఎగిరిపోయింది. పక్కన భాస్కర్రావు ఈల వేశాడు. నేనూ మీసం మెలేశాను.

పదిరోజుల తర్వాత ఒక మధ్యాహ్నం అదే పికప్ వచ్చి ఆగింది. తెల్లటి నర్సు యూనిఫాంలో ఒకావిడ దిగింది.

"నేను విజయనండీ, భాస్కర్రావుగారి మిసెస్‌ని. బండిలో ఏమీ మారలేదండీ. ఇవాళ పొద్దున మళ్లీ ఫ్రీవే ఎక్కే అదే ర్యాంపు మీద ట్రక్కువాడు హారన్ కొట్టుకుంటూ నా అద్దం పక్కనుంచే పోయాడు. ఏదో ఒకరోజు గుద్దేస్తాడు."

"బండి మీరు నడుపుతారా?"

"ఆయన ఆఫీసుకి తోటివాళ్లతో కలిసి కార్‌పూల్‌లో వెళ్తారు కదండీ. నాకు ఏడింటికి డ్యూటీ. రెండేళ్లుగా నేనే."

ఛీ, నా తెలివి తెల్లారినట్టే ఉంది! భాస్కర్రావు "రోజూ నడిపే బండి" అన్నాడే గానీ, నడిపేది తనేనని ఒక్కసారీ అనలేదు. మన అలవాటు ఎక్కడికి పోతుంది? మాట్లాడింది మగవాడు కాబట్టి బండీ అతనిదే అనుకున్నాను. పైగా టెస్ట్ డ్రైవ్‌కి ముందు సీటును చివరిదాకా వెనక్కి నెట్టింది నేనే. సీటు మీది దిండు తీసి పక్కన పడేసిందీ నేనే.

ఆవిడ పక్కన కూర్చుని ఆ ర్యాంపు దాకా వెళ్లాను. పొట్టి ర్యాంపు, పైగా ఎత్తుకి ఎక్కేది. పంపు తోసే గాలి ఒత్తిడి చూపించడానికి నేను బిగించిన బూస్ట్ మీటరులో ముల్లు కదలలేదు.

"ఇంకొంచెం తొక్కండి."

"అమ్మో, అంత అరిస్తే ఇంజన్ పగిలిపోదూ?"

"పగలదమ్మా. నాది హామీ."

"మీ హామీ నా కాలికేం తెలుస్తుందండీ? భయమేస్తే నా కాలు వెనక్కి వస్తుంది గానీ ముందుకు పోదు. మీరు దీన్ని మీ కాలికి తగ్గట్టు పెట్టారు."

ల్యాబులో పదేళ్లు నాకెవరూ చెప్పని మాట అది. ఇంజన్ గురించి నూట యాభై ప్రశ్నలు అడిగినవాణ్ని, తొక్కే కాలి గురించి ఒక్కటీ అడగలేదు.

వెనక్కి వచ్చాక అడిగాను. పెట్రోలు ఏది పోయిస్తారు? "ఏ పంపు ఖాళీగా ఉంటే అది." సరే. బానెట్ కింద ఇమిడే చిన్న రూట్స్ తెప్పించాను. బూస్ట్ ఐదు పౌండ్లు దాటకుండా పుల్లీ పెట్టాను. అంతకు మించితే మామూలు పెట్రోలుతో నాక్ వస్తుంది, అంటే లోపల పెట్రోలు అదుపు తప్పి మండి పిస్టన్లను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది.

భాస్కర్రావు మొహం మాడ్చుకున్నాడు. "కాస్తయినా పైకి కనిపించదాండీ?"

"మీ ఆవిడకి రోడ్డు కనిపించాలా, వీధిలో వాళ్లకి మీ సూపర్‌చార్జర్ కనిపించాలా?" అన్నాను.

సోమవారం పొద్దున విజయగారి పక్కన కూర్చుని అదే ర్యాంపు ఎక్కాను. వెనక ట్రక్కు వస్తోంది. ఆవిడ ఎప్పటిలాగే తొక్కింది, ఒక్క పిసరు ఎక్కువ కాదు. ముల్లు లేచింది, పికప్ ముందుకు ఉరికింది, అద్దంలో ట్రక్కు వెనకబడింది. హాస్పిటల్ దగ్గర బండి ఆపి ఆవిడ తన చేతులు చూసుకుంది.

"రోజూ ఇక్కడే పది నిమిషాలు కూర్చునేదాన్నండీ, వణుకు తగ్గేదాకా. సూది పట్టుకోవాలి కదా." తలుపు తీసింది. "ఇవాళ అక్కర్లేదు, వెళ్లొస్తాను."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవడం దేనికి?

అప్పట్నుంచి ఏ బండి వచ్చినా బానెట్ జోలికి వెళ్లను. ముందు డ్రైవర్ తలుపు తీసి సీటు ఎక్కడుందో చూస్తాను. దాన్ని కదపకుండా, మోకాళ్లు స్టీరింగ్‌కి కొట్టుకుంటున్నా సరే, అలాగే ఒక చుట్టు నడిపి వస్తాను.