గోడను వదలని ఆర్కిడ్

క్రిస్మస్‌కని ఈ రోజు మా జగ్గయ్యపేట ఇంటికి రంగులు వేయించాం. నందిగామ నర్సరీలో కొని నేను వరండాలో వేలాడదీసిన ఆర్కిడ్ వేళ్లు, మట్టి లేని బుట్టలోంచి పాకి గోడను పట్టేశాయి. పెయింటర్ బాబాయ్ గోడ గీకే రేకు తీశాడు.

"ఎండిపోయినయ్యి కదమ్మా, గీకేస్తా."

"ఒక్క నిమిషం బాబాయ్" అని చెంబుతో నీళ్లు చల్లాను. బూడిదరంగు వేళ్లు మా కళ్ల ముందే నెమ్మదిగా పచ్చబడ్డాయి. మట్టి లేని మొక్కేంటని రోజూ నన్ను వెక్కిరించే అమ్మే ఆ రేకుకి చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కడ వదిలెయ్యన్నయ్యా. బతికున్నదాన్ని ఎట్టా గీకుతాం?"

ఇప్పుడు గోడంతా కొత్త నీలం, మధ్యలో చేటంత పాత పసుపు. పండక్కొచ్చే చుట్టాలు ఇదేంటని అడిగితే చెంబు చేతికిచ్చి చల్లమంటాను. మీరైతే గీకించేవారా?