ముప్పై ఏడో వరస దగ్గర ఆగిన యంత్రం

దయ్యాలూ ఆత్మలూ ఉన్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. మా నాన్న నరసరావుపేటలో మిషన్ బడి టీచరు. ఇంట్లో రెండు పూటలా ప్రార్థన ఉండేది గానీ, ఫలానా చోట ఏదో కనపడిందని ఎవరైనా మొదలుపెడితే ఆయన మాట మార్చేసేవాడు. నేను చదివింది లెక్కలు. చేసిన ఉద్యోగమూ లెక్కలదే. ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకపోవడానికి కారణం భయం కాదు. చెప్పాలంటే ముందు నేను చేసిన పని చెప్పాలి. అది చెప్పడానికి నోరు రాలేదు.

అరవైల్లో, సాగర్ కాలువలు తవ్వుతున్న రోజుల్లో, మాచర్లలో ఒక చిన్న కాలువ డిజైను ఆఫీసులో నాకు లెక్కల గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఆఫీసు మొత్తానికి ఆడపిల్లను నేనొక్కదాన్నే. కాలువ పోయే దారిలో ప్రతి వంద అడుగులకూ నేల ఎత్తు ఎంతుందో కొలిచి ఒక పుస్తకంలో రాసుకొచ్చేవారు. దాన్నిబట్టి అక్కడ ఎంత మట్టి తీయాలో మేము కట్టాలి. ఒక్కో చోటికి ఒక్కో వరస. ఒకే లెక్కను ఇద్దరు విడివిడిగా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా చేయాలి. రెండూ కలిస్తేనే లెక్క సరి అయినట్టు. ఇది మా ఆఫీసులో మొదటి రోజే చెప్పే నియమం.

ఆ రెండో మనిషి సుందరరావు గారు. మాచవరం ఆయనది. యాభై దాటిన మనిషి, అప్పటికీ టెంపరరీ ఉద్యోగమే. చేత్తో తిప్పే లెక్కల మిషను మీద నాకు పని నేర్పింది ఆయనే. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. వరసలన్నీ పైకి చదువుకుంటూ లెక్క కట్టడం ఆయన అలవాటు. మధ్యాహ్నం అన్నాల వేళ తన క్యారేజీలోంచి గోంగూర పచ్చడి తీసి నా పళ్ళెంలో వేయకుండా తినేవాడు కాదు.

మా ఇంజనీరు ప్రభాకరం గారు హైదరాబాదు వెళ్ళి మూడు నెలలు కంప్యూటర్ పని నేర్చుకుని వచ్చారు. కాలువ లెక్కలన్నీ యంత్రం చేత చేయించాలని ఆయన పట్టుదల. అందుకు ప్రోగ్రాము తనే రాశారు. యంత్రం మొదలుపెడితే చివరిదాకా ఒక్క బిగిన పోతుంది, మధ్యలో తప్పు దొర్లితే తెలియదు. అందుకని కాలువను నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగం చివర యంత్రం ఆగేట్టు ఏర్పాటు పెట్టారు. యంత్రం ముందు నాలుగు స్విచ్చిలు ఉంటాయట. స్విచ్చి వేసి ఉంటే ఆ చోట ఆగి, అప్పటిదాకా వచ్చిన అంకె చూపిస్తుంది. మనం సరిచూసుకుని మీట నొక్కితే, ఆగిన చోటినుంచే మళ్ళీ సాగుతుంది. స్విచ్చి తీసేస్తే ఎక్కడా ఆగకూడదు. వాటిని ఆయన బ్రేక్ పాయింట్లు అనేవారు. సుందరరావు బాబాయ్ మజిలీలు అనేవాడు. రెండు రోజుల్లో ఆఫీసంతా మజిలీలు అనడమే అలవాటైపోయింది.

హైదరాబాదులో ఆ యంత్రం మాకు ఒక్క పూట మాత్రమే ఇస్తామన్నారు. ఆ పూటలో మజిలీలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో పరీక్ష చేయాలి. యంత్రం చూపించే అంకెతో పోల్చుకోవడానికి మేమిద్దరం చేత్తో చేసిన లెక్కలు సిద్ధంగా ఉండాలి.

ఒకరోజు బాబాయ్ నా బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

"అమ్మాయ్, నాకు కళ్ళు ఆనట్లేదే. మూడుకీ ఎనిమిదికీ తేడా తెలియట్లేదు కొన్నిసార్లు. పుస్తకంలో మూడో భాగం దగ్గర సిరా పలచగా ఉంది. నువ్వు చేసేటప్పుడు కాస్త గట్టిగా చూడు. ఇది ఎవురితో అనబాక."

అననని మాటిచ్చాను.

ఆ శుక్రవారం సాయంత్రం రైలుకు నేను నరసరావుపేట వెళ్ళాలి. క్రిస్మస్ పాటల సాధన. నాకొక పాట ఒంటరిగా పాడే అవకాశం ఇచ్చారు. మూడో భాగం నేనింకా మొదలుపెట్టలేదు. ఒక్కో భాగానికీ వరసలు మళ్ళీ ఒకటినుంచే మొదలు, దీనికి దాదాపు అరవై. బాబాయ్ పూర్తి చేసిన కాగితం బీరువాలో ఉంది. ఆయన టీ తాగడానికి బయటికి వెళ్ళాడు. నేను ఆ కాగితం తీసి, ముందు పెట్టుకుని, నా కాగితం మీద మొత్తం దించేశాను. అరగంట కూడా పట్టలేదు. కింద సంతకం పెట్టాను. రైలు దొరికింది. ఆదివారం పాట బాగా పాడానని అందరూ మెచ్చుకున్నారు.

ఆ మరుసటి వారం ప్రభాకరం గారు ఎందుకో కొలతల పుస్తకం దగ్గర పెట్టుకుని తనే మూడో భాగం సరిచూశారు. ముప్పై ఏడో వరసలో మా ఇద్దరి కాగితాల్లోనూ ఎనభై ఎనిమిది ఉంది. పుస్తకంలో ఉన్నది ఎనభై మూడు. ఇద్దరం ఒకే తప్పు, ఒకే చోట చేశాం. ఆయన మమ్మల్ని గదిలోకి పిలిచారు.

"పొరపాటుగా చదివితే నేనేమీ అనను. కానీ మీలో ఒకరు రెండోవారిది చూసి రాశారు. ఎవరు?"

నేను తల దించుకున్నాను. చెప్పాలనే అనుకున్నాను. ఎంతసేపు అలా నిలబడ్డామో గుర్తులేదు గానీ, గోడ అవతల టైపు చప్పుడు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

"నేనే సార్," అన్నాడు బాబాయ్. "కళ్ళు కనపడక అమ్మాయి కాగితం చూసి రాసుకున్నా."

ప్రభాకరం గారు నావైపు చూశారు. నేను కాదనలేదు.

టెంపరరీ ఉద్యోగం కాబట్టి పెద్ద విచారణేమీ జరగలేదు. వారంలోపే ఆయన్ని తీసేశారు. వెళ్ళేరోజు మిషను మీద దుమ్ము తుడిచి, గుడ్డ కప్పి, నా దగ్గరికొచ్చాడు. నేను ఏడుస్తున్నాను.

"ఊరుకో. నా కళ్ళు ఎట్టాగూ ఇంకో ఆర్నెల్లకి నన్ను ఇంటికి పంపేవే. నీకు ముందు చానా ఉంది," అన్నాడు. అప్పుడైనా ఇంజనీరు గారి గదిలోకి వెళ్ళి ఉండొచ్చు. తలుపు తెరిచే ఉంది. వెళ్ళలేదు.

నెల తర్వాత, ఒక గురువారం, ప్రభాకరం గారూ నేనూ హైదరాబాదులో యంత్రం ముందు ఉన్నాం. ముందురోజే సాగర్ మీదుగా బస్సులో వెళ్ళాం. ముప్పై ఏడో వరస అప్పటికే దిద్దేసి, సరైన అంకెతో యంత్రం చదివే చిల్లుల కార్డు కొట్టించారు. యంత్రం నడిపే ఆపరేటరు హైదరాబాదు మనిషే, మా సంగతులేవీ ఆయనకు తెలియవు. చూసింది చూసినట్టు, టైముతో సహా, రాయడం నా పని.

మొదటి స్విచ్చి వేస్తే మొదటి భాగం చివర ఆగింది. అంకె కలిసింది. మీట నొక్కితే సాగింది. రెండోదీ అంతే. మూడు, నాలుగు కూడా. ప్రభాకరం గారి మొహం వెలిగిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే. స్విచ్చిలన్నీ తీసేసి, ఎక్కడా ఆగకుండా పోతుందో లేదో చూడాలి.

పదకొండు దాటి పది నిమిషాలకు మొదలుపెట్టారు. యంత్రానికి కట్టిన టైపు మిషను ఒక్కో వరస కొట్టుకుంటూ పోతోంది. మొదటి భాగం అయింది. రెండోది అయింది. మూడో భాగం మధ్యలో ఆగిపోయింది.

కాగితం మీద ఆఖరున పడింది ముప్పై ఆరో వరస.

ఆపరేటరు దీపాలు చూశాడు. యంత్రం చెడిపోతే వెలగాల్సిన దీపం వెలగలేదు. "ఇది చెడిపోయి ఆగడం కాదండీ. ఆగమంటే ఆగినట్టుంది," అన్నాడు. మీట నొక్కితే మామూలుగా సాగి చివరిదాకా వెళ్ళింది. లెక్కంతా సరిగ్గానే వచ్చింది.

మళ్ళీ మొదటినుంచి నడిపారు. మళ్ళీ అక్కడే ఆగింది. అప్పుడు ప్రోగ్రాము కార్డులన్నీ తీసి, ఇద్దరూ వెలుతురుకు పెట్టి ఒక్కొక్కటే చూశారు. అక్కడ ఆగమని ఎక్కడా లేదు. ముప్పై ఏడో వరస కార్డు పారేసి, కొత్త కార్డు కొట్టి పెట్టారు. మూడోసారి నడిపారు. అప్పటికి పన్నెండు కావస్తోంది. ముప్పై ఆరో వరస కొట్టి ఆగింది.

ప్రభాకరం గారు కాగితం వైపు చూసి, నెమ్మదిగా నావైపు తిరిగారు.

"ఇది సుందరరావు వరస కదమ్మా?"

"అవును సార్."

"ఈ వరస సంగతి నీకింకేమైనా తెలుసా?"

"తెలియదు సార్," అన్నాను.

నాలుగోసారి నడపడానికి టైము లేదు. మాకిచ్చిన పూట అయిపోయింది. తర్వాతివాళ్ళు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

ఆ తర్వాత పదిహేను రోజులు నాకు సరిగ్గా నిద్రలేదు. చివరికి ఒక ఆదివారం పిడుగురాళ్ళ మీదుగా మాచవరం వెళ్ళాను. క్షమాపణ అడగాలనే వెళ్ళాను. బాబాయ్ వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. గుంటూరులో శుక్లాల ఆపరేషను అయిందట. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. నా గొంతు విని మొహమంతా నవ్వు చేసుకున్నాడు. ఆయన భార్య కాంతమ్మ పిన్ని మజ్జిగ తెచ్చిచ్చి అక్కడే నిలబడింది. ఆమె ముందు చెప్పలేక, నేను ఊరికే కుశలం అడుగుతూ కూర్చున్నాను.

"హైదరాబాదు పోయొచ్చారా? మజిలీలు బాగా పనిచేసినయ్యా?" అని అడిగాడు.

"బాగా చేశాయి బాబాయ్. నాలుగూ ఆగాల్సిన చోటే ఆగాయి."

మేము హైదరాబాదు వెళ్ళొచ్చాక ఆయన్ని కలిసినవాళ్ళు మా ఆఫీసులో ఎవరూ లేరు. ఇది నేను తర్వాత ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకున్నాను.

"చెప్పనిచోట ఎక్కడన్నా ఆగిందా?" అన్నాడు బాబాయ్ నెమ్మదిగా.

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

"లేదు బాబాయ్," అన్నాను.

"సరేలే," అన్నాడు.

బస్సు దాకా సాగనంపడానికి పిన్ని వచ్చింది. దారిలో తనంతట తనే చెప్పింది.

"ఆపరేషనప్పుడు మీ బాబాయ్‌కి మతి పోయిందేమోనని భయపడ్డానమ్మా. కళ్ళకి కట్టు ఇప్పే ముందు రోజు, గురువారం. పొద్దెక్కినకాడి నుంచి మంచంలో పండుకుని ఒకటో వరస, రెండో వరస అని లెక్క చదవటమే. కొంతదూరం పోయి, 'ఆగమ్మా, ఇక్కడ ఆగు, సరిగా చూడు' అనేవాడు. మళ్ళీ మొదటికొచ్చేవాడు. మూడుమాట్లు అట్టా చేశాడు. మధ్యాన్నం మందివ్వటానికి నర్సమ్మ వచ్చిందాకా అదే పని. జరమొచ్చిందేమోనని ఒళ్ళు చూశా. జరం లేదు."

కట్టు ఏ తేదీన విప్పారో మళ్ళీ అడిగాను. దానికి ముందు రోజు, మేము యంత్రం ముందున్న గురువారమే.

నేను రోడ్డు మీదే నిలబడిపోయాను. అప్పుడు చెప్పేశాను. కాగితం దించింది నేనని, బాబాయ్ నాది చూడలేదని, గదిలో నేను నోరు విప్పలేదని. పిన్ని నమ్మనట్టుగా చూసింది.

"మరి దొంగరాత రాసి ఉద్యోగం పోగొట్టుకున్నాడని మా అన్నదమ్ములంతా ఇంటికొచ్చి ఆయన్ని అడిగారే. ఎవురి ముందూ ఈ మాట అనలేదే. నాక్కూడా చెప్పలేదే!"

నేను చేతులు జోడించాను. ఆమె బస్సు రాకముందే వెనక్కి తిరిగి ఇంటివైపు వెళ్ళిపోయింది.

సోమవారం ప్రభాకరం గారికి అంతా కాగితం మీద రాసిచ్చాను. ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు. ఆ రోజునుంచి అవసరానికి మించి నాతో మాట్లాడలేదు. బాబాయ్ పేరు మీద పడిన మచ్చ కొట్టేయించి, తిరిగి రమ్మని ఉత్తరం పంపించారు. కళ్ళు అంకెలకు పనికిరావని, పిలిచినందుకు సంతోషమని ఎవరిచేతో జవాబు రాయించాడు ఆయన.

యంత్రాల సంగతి తెలిసినవాళ్ళను తర్వాత చాలామందిని అడిగాను. తీగ వదులైతే ఆగొచ్చు అన్నారు. కరెంటు తగ్గితే ఆగొచ్చు అన్నారు. మూడుసార్లూ అదే వరస దగ్గర ఎందుకంటే, కాకతాళీయం అన్నారు. కావచ్చు. తప్పు ఏ వరసలో ఉందో బాబాయ్‌కి ముందే తెలుసు, దాన్నే తలుచుకుని కలవరించి ఉంటాడు. అదీ కావచ్చు. ఈ రెండిటినీ ఒకే గురువారం, ఒకే పూటలో ఎలా కలపాలో మాత్రం నాకు తెలియలేదు.

మరో మూడేళ్ళకు బాబాయ్ పోయాడు. ఆ మూడేళ్ళలో ఆయన్ని చూడ్డానికి మళ్ళీ వెళ్ళే మొహం నాకు లేకపోయింది. చెప్పనిచోట ఆగిందా అని ఆయన అంత నెమ్మదిగా ఎందుకు అడిగాడో, అవునంటే తర్వాత ఏం చెప్పేవాడో తెలియదు. అడిగిన ఆ ఒక్కసారీ నేను లేదన్నాను.