వర్క్ పర్మిట్ల వెనక మార్కు సువార్త

నిన్న పొద్దున సైట్ బస్సులో ఉండగా క్యాంపు నుంచి ఫోన్. "యేసేపు మామ లేవలేదు రా."

లేవకపోవడమేంటి? క్యాంపులో అందరికంటే ముందు లేచే మనిషి!

గుండె అన్నారు.

తెలియనివాళ్లకు చెబుతున్నా. మామ సౌదీలో, ఈ రాబిగ్‌లో, పరంజాలు కట్టే మా స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్. నంద్యాల పక్క ఎరుకల మనిషి. ఆరేళ్లు కూర్చుని మార్కు సువార్తను వాళ్ల ఎరుకల మాటలోకి మార్చాడు. దానికి లిపి లేదు, తెలుగు అక్షరాల్లోనే రాశాడు. సైట్‌లో పనికి రోజూ ఇచ్చే వర్క్ పర్మిట్ కాగితాలు టైం అయిపోయాక, వాటి వెనక, పెన్సిల్‌తో. పోయిన నెలే ముగించాడు.

"తెలుగు బైబిల్ ఉంది కదా మామా?" అన్నాను ఒకసారి.

"మాయమ్మ ప్రార్థన తెలుగులో చేస్తాది అబ్బీ. ఏడిస్తే మాత్రం మా మాటలోనే ఏడుస్తాది."

ప్రతి వచనం చెల్లెలు మార్తమ్మకు వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. "ఇట్ల మనింట్లో ఎవురు మాట్లాడతారు న్నా?" అని ఆమె నవ్విందంటే, రబ్బరు తీసి చెరిపి మళ్లీ రాసేవాడు. దిద్దినవి ఈ కాగితాల మీదే ఉన్నాయి, వాయిస్‌లో లేవు.

నేనో కరపత్రంలో చదివాను. పూర్వం ఉల్ఫిలా అనే బిషప్ గోతు జనం భాషకు అక్షరాలు చేసి బైబిల్ రాసిచ్చాడట. రాజుల గ్రంథాలు మాత్రం వదిలేశాడట, అసలే యుద్ధాలంటే పడిచచ్చే జనమని. నాకు మండిపోయింది. "దేవుని మాటకు కత్తెర వెయ్యడానికి ఆయనెవరు?" అని మెస్‌లో అరిచాను.

మామ పప్పు కలుపుకుంటూ, "పసిబిడ్డకు కారం ఎవురు పెడతారు రా? నీకు గూడా ఆ పుస్తకాలు ఇయ్యకూడదు. ఇప్పటికే దినామూ కొట్లాడతాండావు" అన్నాడు.

టేబులంతా నవ్వింది. నేను అలిగి వారం వేరే టేబుల్లో తిన్నాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఇప్పుడు అసలు భయం.

రేపు మధ్యాహ్నం కంపెనీ కాగితాలు చూసే మందూబ్ వచ్చి మామ సామాను సీల్ చేస్తాడు. బట్టలు, ఫోన్ ఇంటికి పోతాయి. ఈ పర్మిట్ల కట్ట పోదు. ముందువైపు కంపెనీ స్టాంపు ఉంది కదా. "కంపెనీ పేపర్, మమ్నూ" అని, అంటే నిషేధమని, నిన్ననే చెప్పేశాడు. గేటు దాటదు, ముక్కలు చేసేస్తారు.

ఫోటోలో పాత పెన్సిల్ గీత పడటం లేదు. అందుకే చేత్తో తెల్ల కాగితాల మీదికి ఎక్కిస్తున్నాను. ఒక్క ముక్క అర్థం కాదు. ఎక్కడ ఒక దీర్ఘం మింగేస్తానో అని భయం. రాసిన పేజీ రాసినట్టు మార్తమ్మక్కకు ఫోన్‌లో చదువుతున్నా. ఆమె ఏడుస్తూనే దిద్దుతోంది.

పదహారు అధ్యాయాలు. నేను ఏడో దాంట్లో ఉన్నాను. పక్క రూం కడప ఖాదర్ భాయ్ అడక్కుండానే వచ్చి పన్నెండోది తీసుకున్నాడు.

తెలుగు రాయడం వచ్చినవాళ్లెవరైనా సరే, పెన్ను తీసుకుని మా రూముకు రండి. ప్లీజ్. ఈరోజే.

మామా, ప్రభువు దగ్గర నిమ్మళంగా ఉండు. మేం రాస్తున్నాం.