సున్నం కింది నీటి గీత

ఆ ఏడు కార్తీకంలో మా ఇంటి వెనక వంక పొంగింది. వడమాలపేట బడిలో రెండు రోజులు తలదాచుకుని తిరిగి వచ్చేసరికి నీళ్ళు తీశాయి, ఒండ్రు మాత్రం ఇంటినిండా మిగిలింది. వెనక గది రేకులతో సహా కూలిపోయింది. ముందు రెండు గదులూ స్లాబువి కాబట్టి నిలిచాయి గానీ, దక్షిణం గోడ కిటికీ మూల నుంచి నేలదాకా పగిలింది. రెండు వేళ్ళు పట్టేంత పగులు. నేను వేళ్ళు పెట్టి చూశాను.

మా ఆయన పోయి అప్పటికి మూడేళ్ళు. మాకు పిల్లలు లేరు. నాయుడుపేటలో ఉండే మా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఆ గోడ కింద ఎట్లా పడుకుంటావు? తాళమేసి ఈడికొచ్చెయ్. నీకో మంచం వెయ్యలేమా?"

"గోడ బాగుచేయిస్తే ఉండొచ్చు గదరా."

"ఎవరు సేయిస్తారు? నువ్వా? చీర మడతల్లో ఏమన్నా దాచిపెట్టినావా?"

వాడు నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. గోడ కట్టించే స్తోమత నాకు లేదు. కట్టకపోతే ఆ ఇంట్లో ఉండలేను. తమ్ముడి ఇంట్లో మంచం ఉంటుంది, మర్యాదా ఉంటుంది. పొద్దున లేచి నేను ఊడ్చుకునే నా వాకిలి ఉండదు.

వారం తిరిగేసరికి మా ఆయన తిథి. మా ఇళ్ళల్లో తిథికి ముందు గోడలకు సున్నం కొట్టి, అడుగున ఎర్రమన్ను పట్టె వేస్తాం. పోయినవాళ్ళు ఆ రోజు ఇంటికి వచ్చి చూసుకుని పోతారని మా అత్త చెప్పేది. బురద గోడల మధ్యకు ఆయన్ని ఎలా పిలవను? ఒండ్రు ఎత్తిపోసి, పగుల్లో సిమెంటు కూరి, మూడు పూతలు సున్నం కొట్టాను. ఫొటో ముందు కొత్త పంచె పెట్టి, ఆయనకిష్టమైన అలసంద వడలు చేసి, మిద్దె మీద కాకికి ముద్ద పెట్టాను. కాకి ఆలస్యంగా వచ్చింది. వచ్చింది కదా అని కిందికి దిగాను. ఇంట్లో తినేది నేనొక్కదాన్నే. ఆ వడలు రెండు రోజులు తిన్నాను.

తర్వాత తమ్ముడే గుర్తుచేశాడు. "బావ లోను తీసుకున్నప్పుడు ఇంటికి ఇన్సూరెన్స్ కట్టినాడు గదక్కా?"

కట్టాడు. ఆయన పోయాక కూడా ఏటా బ్యాంకుకు వెళ్ళి నేను కడుతూ వచ్చాను. మొదటిసారి వేలిముద్ర వేశాను. తర్వాత మహిళా సంఘం వాళ్ళ సాయంకాలపు తరగతిలో, యాభై మూడేళ్ళ వయసులో, అక్షరాలు నేర్చుకుని సంతకం పెట్టాను. తేడా అంతే. కాగితం ఇంగ్లీషులో ఉండేది. తెచ్చి, నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టేదాన్ని. ఆ గూడు ఎత్తులో ఉంది కాబట్టి కాగితం తడవలేదు.

పక్కింట్లో అద్దెకుండే అమ్మాయి ఏర్పేడు దగ్గరి కాలేజీ క్యాంపస్‌లో ఆఫీసు పని చేస్తుంది. ఆమే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి చెప్పింది. నాలుగో రోజు సర్వేయరు వచ్చాడు. నష్టం చూసి కంపెనీకి రాసిచ్చేది ఆయనే. గుమ్మంలో నిలబడి తెల్లటి గోడలు చూశాడు.

"ఏమ్మా, పెండ్లి ఇల్లు మాదిరి పెట్టుకున్నారే. నీళ్ళు యాడిదాకా వచ్చినాయి?"

"ఈడిదాకా," అని తొడ మీద చెయ్యి పెట్టి చూపించాను.

"మీ కాలు చూపిస్తే ఎట్లమ్మా? గోడ మింద గీత ఉండాల గదా. ఫొటోలన్నా తీసినారా?"

"లేదు సార్. మా ఆయన తిథి వచ్చింది. సున్నం కొట్టేసినాను."

ఆయన సిమెంటు కూరిన పగులును వేలితో తడిమాడు. "ఇది మొన్న వరదకు పగిలిందో, పదేండ్ల నాడే పగిలిందో నేనేమని రాసేది? పాత పగులైతే వాళ్ళు ఇయ్యరు." కూలిన గది దగ్గరికి వెళ్ళి, ఫోన్లో ఇంటి కొలతలు చూసుకుని, "ఈ రూము కాగితంలో లేనే లేదమ్మా," అన్నాడు. కాఫీ ఇస్తే తాగాడు. పోతూ పోతూ, "నేను ఉన్నదే రాయాల. తప్పుగా అనుకోవద్దండి," అన్నాడు. తప్పు ఎవరిదో నాకు తెలుసు. ఆ గీతను నా చేతులతో నేనే కప్పాను.

ఆ ఆదివారం పక్కింటి అమ్మాయి కాగితం ముందేసుకుని కూర్చుంది. ఆమె తెలుగులో చెబుతుంటే నేను నోటుబుక్కులో రాసుకున్నాను. గోడలు, స్లాబు, నేల, తలుపులు, కిటికీలు, గోడలో కట్టిన గూళ్ళు, ఇవన్నీ ఇల్లు. వరద, గాలివాన, నిప్పు, పిడుగు వల్ల ఇవి చెడితే ఇస్తారు. మంచం ఇల్లు కాదు. బియ్యం డబ్బా, ట్రంకు పెట్టె, మిక్సీ ఇల్లు కాదు. వాటికి వేరేగా కట్టుకోవాలి. చెమ్మ పట్టి ఏళ్ళ తరబడి రాలిన పెచ్చులకు ఇవ్వరు. ఇల్లు నెలకు మించి ఖాళీగా పెడితే ముందే చెప్పాలి.

"సూడు పెద్దమ్మా, వాళ్ళకు గూడా నువ్వు ఇంట్లో ఉండాలంట," అని నవ్వింది అమ్మాయి.

"వెనక రూముకు?"

"కట్టినప్పుడు చెప్పలేదు గదా. వాళ్ళ లెక్కలో అది పుట్టనే లేదు."

జబ్బుపడ్డాక గాలి కోసమని మా ఆయన మేస్త్రీ పక్కన కుర్చీ వేసుకుని కట్టించుకున్న గది అది. ఆఖరి ఎనిమిది నెలలూ అందులోనే ఉన్నాడు. నా మటుకు ఇల్లంటే అదే. నోటుబుక్కులో 'వెనక గది' అని రాసి, దాని ఎదురుగా 'లేదు' అని రాశాను.

ఇంకో వారానికి గోడ మీద సున్నంలోంచి గోధుమరంగు గీత తేలింది. మొదట కిటికీ కింద జానెడు. మర్నాటికి రెండు గదులూ చుట్టేసింది, తాడు పట్టి గీసినట్టు ఒకే ఎత్తులో. ఆరని గోడ మీద సున్నం కొడితే లోపలి మరక ఇలా పైకొస్తుందని తర్వాత మేస్త్రీ చెప్పాడు. నాకు మాత్రం ముందు సిగ్గేసింది. తిథికి కొట్టిన గోడ ఇలా అయిందేమిటని మళ్ళీ సున్నం కలిపాను. కుంచె ముంచాక ఆగాను. సర్వేయరు అడిగిన గీత ఇదే కదా.

కుంచె బకెట్లోనే వదిలి పక్కింటి అమ్మాయిని పిలిచాను. "పెద్దమ్మా, చెయ్యి పెట్టొద్దు! యాడిదాడ ఉండనీ," అంటూ ఆమె ఫొటోలు తీసింది. కంపెనీకి ఉత్తరం నేనే తెలుగులో రాశాను. సున్నం ఎందుకు కొట్టానో, గీత ఎప్పుడు తేలిందో, ఉన్నది ఉన్నట్టు. ఒక పేజీకి ఒక పూట పట్టింది.

సర్వేయరు మళ్ళీ వచ్చి ప్రతి గోడ దగ్గరా టేపు పెట్టి గీత ఎత్తు కొలిచాడు. మేస్త్రీ చేత పగుల్లోని సిమెంటు ఊడగొట్టించాడు. లోపలి ఇటుక ఎర్రగా, అప్పుడే విరిగినట్టు ఉంది.

"పాతదైతే నల్లబడి ఉంటాది. ఇది ఇప్పుడు పగిలిందే," అన్నాడు. తర్వాత మా ఆయన ఫొటో వైపు చూసి, "మీ ఆయన గట్టోడమ్మా. మీరు కప్పెడితే ఆయన బయటికి తీసినాడు," అన్నాడు.

ఆ ఇంట్లో మా ఆయన మాట ఇంకొకరి నోట విని చాలా కాలమైంది. ఇంకో కాఫీ తాగిపొమ్మన్నాను. ఆయనకు వేరే ఊరు పోవాల్సి ఉంది.

దక్షిణం గోడకు, నేలకు కంపెనీ ఇచ్చింది. వెనక గదికి, మంచానికి, ట్రంకు పెట్టెకు ఇవ్వలేదు. గోడ విప్పి కట్టినన్ని రోజులూ నాయుడుపేటలో ఉన్నాను. పని అయిందని మేస్త్రీ ఫోన్ చేసేసరికి ఇరవై ఐదు రోజులు. సంచి సర్దుకుంటుంటే తమ్ముడు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఇంకో పది రోజులుండక్కా. ఇన్సూరెన్సోళ్ళు వచ్చి కొడతారా?"

"నెల దాటితే చెప్పాలంటరా."

"చెప్పు. ఇప్పుడు రాసేదానివి గదా."

"రాస్తే ఇల్లు ఖాళీ అని రాయాల గదరా."

వాడు సంచి అందుకుని బస్సు దాకా వచ్చాడు.

తాళం తీసి లోపలికి వెళ్ళాను. కొత్త గోడకు ఇంకా సున్నం పడలేదు. పాత గోడల మీద గీత అలాగే ఉంది. వెనక తలుపు తీస్తే, గది ఉన్న చోట పునాది రాళ్ళు, పైన ఆకాశం. కుర్చీ తెచ్చి ఆయన మంచం ఉండే మూల వేసుకుని కూర్చున్నాను. ఫోన్ మోగింది.

"చేరినావా అక్కా? యాడుండావు?"

"ఇంట్లోనే ఉండా," అన్నాను.