హరిత ఫ్రిజ్‌కి వేసిన దండ

మా కాలేజీ ల్యాబ్ అటెండెంటు వెంకటరత్నంగారికి యంత్రమంటే దేవుడే. భిలాయి స్టీల్ ప్లాంటులో ముప్పయ్యేళ్ళు చేసి రిటైరైన మనిషి కదా! విశ్వకర్మ పూజ రోజున మైక్రోస్కోపుకీ, నీళ్ళ మోటారుకీ, చివరికి నా డొక్కు స్కూటరుకీ బొట్టుపెట్టి దండ వేసేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు.

మొన్న సెప్టెంబరులో ఆ ఉత్సాహంలోనే హరిత ఫ్రిజ్‌కీ ఓ బంతిపూల దండ వేశారు. హరిత ఇక్కడే భిలాయి టౌన్‌షిప్‌లో, సెక్టార్ సిక్స్‌లో పెరిగిన పిల్ల, మా దగ్గర రిసెర్చ్ చేస్తోంది. బంబుల్‌బీ అనే బొచ్చు తేనెటీగల రాణులు చలికాలమంతా మట్టిలో, చీకట్లో నిద్రపోతాయి. ఆ నిద్రలో వెలుగు పడితే ఎన్ని బతుకుతాయన్నది ఆమె ప్రశ్న. హిమాచల్ నుంచి తెచ్చిన ఇరవై నాలుగు రాణుల్ని గాజు సీసాల్లో పెట్టి, ఆ ఫ్రిజ్‌లోనే వాటికి చలికాలం తెప్పించింది. వెలుగు చూపించే జట్టు వేరే ఉంది; వీటి మీద మాత్రం చిన్న వెలుగు కూడా పడకూడదు.

మర్నాడు పొద్దున్న ల్యాబ్ తాళం తీసిన వెంకటరత్నంగారు గుమ్మంలోనే నిలబడిపోయారు. దండ సందులో ఇరుక్కుని ఫ్రిజ్ తలుపు వేలెడు తెరుచుకుని ఉంది. లోపలి బల్బు రాత్రంతా వెలుగుతూనే ఉంది. దండ లాగేసి తలుపు మూసేస్తే ఎవరికీ తెలియదు. నేనైతే అదే చేసేవాణ్ణి, దాచడమెందుకు. ఆయన మాత్రం హరితకి ఫోన్ చేశారు.

“అమ్మా, తప్పు చేసీసాను. నీ ఈగలకి లైటు తగిలిపోనాది. బతికున్నాయో లేదో తెల్దు.”

పది నిమిషాల్లో హరిత వచ్చింది, వెనకే నేనూ. ఆయన్ని తిట్టకుండా నేరుగా ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది. నాకే ఒళ్ళు మండింది. భక్తికైనా ఓ హద్దుండాలి!

హరిత తేనెటీగలకి కనబడని ఎర్ర లైటు వేసి, ఒక్కో సీసా తీసి, సన్నని బ్రష్షుతో రాణిని తాకింది. ప్రాణముంటే, దగ్గరికి రావద్దన్నట్టు నిద్రలోనే మెల్లగా ఓ కాలు ఎత్తుతుందట. మొదటిది ఎత్తింది. రెండోదీ ఎత్తింది. పంతొమ్మిదోది ఎంతకీ కదల్లేదు. వెంకటరత్నంగారు కళ్ళు మూసుకున్నారు.

“అంకుల్, దేఖియే, చూడండి! కాలెత్తింది!”

ఇరవై నాలుగూ బతికే ఉన్నాయి. అమ్మయ్య అనుకుని నేనూ కుర్చీలో కూలబడ్డాను.

“రాత్రి వెలుగు పడిందని నోట్‌బుక్‌లో రాస్తాను అంకుల్,” అంది హరిత. “మీరు చెప్పకపోతే, రేపు ఇవి చచ్చిపోయినా ఎందుకో నాకు తెలిసేదే కాదు.”

ఆయన భోరున ఏడ్చేశారు.

“ముప్పయ్యేళ్ళు యంత్రాలకి దణ్ణం పెట్టి, ప్లాంటులో ఒక్కడికీ చిన్న గీతైనా పడనివ్వలేదమ్మా. నిన్న దణ్ణం పెట్టి మరీ ఇన్ని ప్రాణాలు తీసీబోయాను.”