కడుపు నిండాక చెప్పిన కబురు

మా సీమలో చావు కబురు ఎప్పుడూ చావు కబురులా రాదు. "ఒంట్లో బాగలేదంట, చూడాలంటాండాడంట, ఒకసారి రమ్మన్నారు" అని వస్తుంది. విన్నవాడు లోపల అర్థం చేసుకుని, పైకి మాత్రం ఏమీ తెలియనట్టు చెప్పులు వేసుకుని బయలుదేరుతాడు. చెప్పినవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు. అయినా పైకి అనకపోవడం మర్యాద. ఇంకో మర్యాద కూడా ఉంది. ఆ కబురు చెప్పేముందు మనిషికి కడుపు నిండా అన్నం పెట్టాలి, చెప్పాక ముద్ద దిగదు గనక. ఈ రెండు మర్యాదలూ కలిసి నాకు చేసిన మేలు ఇంతా అంతా కాదు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఎండాకాలం అది. నేను నంద్యాలలో ఒక జిన్నింగ్ ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరి ఏడాది దాటింది. మా ఊరు ఆళ్లగడ్డ పక్కన. ఇంట్లో ఎద్దులు, రేగడి చేలు అన్నీ ఉండగా పోయి ఇంకొకడి పత్తి తూస్తావా అని మా నాయన ఒకసారి అడిగాడు. నేను తూస్తానన్నాను. అంతే, ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడలేదు. నేను ఇంటికి వెళ్తే, ఎదురుగా కూర్చుని ఉండగానే మా అమ్మవైపు తిరిగి "ఆయప్పకు మజ్జిగ పొయ్యి" అనేవాడు. దారిన పోయే పెద్దమనిషిని అన్నట్టు కన్నకొడుకును ఆయప్ప అనడం! నేనూ తక్కువ తినలేదు. "చాలని చెప్పమ్మా" అనేవాణ్ణి. మధ్యలో ఆమె చెంబు పట్టుకుని నిలబడేది.

అంతకు ముందు చలికాలంలో ఆయనకు ఆయాసం వచ్చి మంచాన పడి లేచాడు. అప్పుడు నాకు భయం వేసింది. ఈసారి వెళ్ళినప్పుడు నేనే ముందు పలకరించాలి, నాయనా అని పిలవాలి అని గట్టిగా అనుకున్నాను. అనుకోవడమైతే అనుకున్నాను గానీ, ఈ నెల వచ్చే నెల అని జరుపుతూ వచ్చాను.

నంద్యాలలో నాకు ఇద్దరు స్నేహితులు. ఒకాయన వర్క్‌షాపు నడిపేవాడు, మాకంటే బాగా పెద్ద, అందుకని అన్నా అనేవాళ్ళం. యుద్ధంలో మిలిటరీ లారీలు తోలివచ్చినవాడు. ఈజిప్టు ఇసకలో గుడారాలు వేసుకుని పడుకున్న సంగతులు మొదలుపెడితే విప్పిన ఇంజను విప్పినట్టే ఉండిపోయేది. రెండో ఆయన మిషను బడిలో టీచరు. ఆయన్ని సారు అనేవాళ్ళం. మెత్తటి మనిషి, ఎవరికీ ఎదురు చెప్పలేడు. అన్న వేలంలో ఒక పాత జీపు కొని బాగుచేశాడు. దాన్ని దారి ఉన్నచోట తోలడం ఆయనకు నామోషీ. ఎడారి చూపిస్తా రమ్మన్నాడు. మన జిల్లాలో ఎడారి ఎక్కడుందంటే, యాగంటి అవతల నాపరాళ్ళ బీడు ఉంది, ఇసక ఒక్కటే తక్కువ, మిగిలిందంతా అదే అన్నాడు.

నేను వెళ్ళేముందు నా గది ఇంటివాళ్ళకు సంగతి చెప్పే వెళ్ళాను. నీళ్ళకు రోజూ బనగానపల్లెకు వస్తాం, ఏదన్నా ఉంటే ఆ బస్టాండు హోటల్లో చెప్పించండి అన్నాను. అంత జాగ్రత్తపరుణ్ణి.

పాణ్యం మీదుగా బనగానపల్లె, అక్కడినుంచి యాగంటి దాకా దారి ఉంది. ఆ తర్వాత జీపు రాళ్ళమీద ఎగిరి ఎగిరి పడింది. సారు ప్రార్థన మొదలుపెట్టాడు. అన్న మాత్రం చిన్నపిల్లవాడిలా నవ్వుతూ తోలాడు. ఎక్కడ చూసినా పలకలుగా లేచిన నాపరాళ్ళు, వాటి సందుల్లో ఎండిన బోదగడ్డి, అక్కడక్కడా రేగు కంపలు. మనిషి అలికిడి లేదు. ఒక గుట్ట వారన మిలిటరీ గుడారం వేశాం. మొదటి రోజు నిజంగా సంతోషంగా గడిచింది, అది దాచడం ఎందుకు. జొన్నరొట్టెలు, ఎర్రకారం, అన్న యుద్ధం కథలు. ఆ రాళ్ళమీద వెల్లకిలా పడుకుని, ఈ పొద్దు ఇలాగే ఉండిపోతే బాగుండు అనుకున్నాను.

మర్నాడు అన్న తుపాకీతో కౌజుపిట్టలు కొట్టాడు. జీపు కుదుపులకు కుండ పగిలి నీళ్ళు అయిపోవడంతో, మధ్యాహ్నం ఆయనా సారూ డబ్బాలు తీసుకుని బనగానపల్లెకు వెళ్ళారు. సామాను దగ్గర ఒకరు ఉండాలి గదా, నేను ఉండి పిట్టల ఈకలు పీకాను. అక్కడ హోటలాయన వాళ్ళకు ఒక కబురు అందించాడు. మా అమ్మ ఆళ్లగడ్డ బస్సులో నంద్యాలకు చెప్పి పంపితే, ఇంటివాళ్ళు బనగానపల్లె బస్సు కండక్టరుతో హోటలుకు చేరవేశారు. మా నాయనకు ఒంట్లో బాగలేదు, నన్ను చూడాలంటున్నాడు, వెంటనే రమ్మన్నారు. ఇంత దూరం ఇన్ని చేతులు మారినా ఆ కబురులో ఒక్క ముక్క తప్పు పోలేదు. ఉన్నది ఉన్నట్టు వచ్చింది.

అన్న దాన్ని మన వాళ్ళందరూ వినే పద్ధతిలోనే విన్నాడు. పెద్దాయన పోయాడు, ఇక ఇప్పుడు పరుగెత్తి చేసేదేముంది అనుకున్నాడు. పొద్దు వాలాక ఆ రాళ్ళలో జీపు తోలితే ఇరుసు విరుగుతుంది, తెల్లవారి పోదాం, ఈలోగా వాడు కడుపు నిండా తిననీ అని సారుకు చెప్పాడు. సారు తల ఊపాడు.

వాళ్ళు తిరిగి వచ్చేటప్పటికి ఇంకా ఎండ ఉంది. ఇప్పటికీ నాకు ఆ ఎండే కళ్ళముందు కదులుతుంది. అప్పుడు బయలుదేరి ఉంటే చీకటి పడేలోగా యాగంటి దారి ఎక్కేవాళ్ళం. అన్న తనే కూర వండాడు. తనే వడ్డించాడు. నా కంచంలోకి మంచి ముక్కలన్నీ వేశాడు.

"తిను అబ్బీ, బాగా తిను" అన్నాడు.

ఎప్పుడూ మమ్మల్ని కసిరి పని చెప్పే మనిషికి ఇంత ప్రేమ ఎక్కడినుంచి వచ్చిందో నాకు అంతుబట్టలేదు. సారు రొట్టె తుంచి పక్కన పెట్టాడు. ఏం సారూ, ఉపవాసమా అని నేను ఆయన్ని ఏడిపించాను. ఆయన నేల చూపులు చూశాడు. నేను వేళ్ళు నాక్కుంటూ తిన్నాను. ఆ కూర అంత రుచిగా ఉండకపోయినా బాగుండేది.

తెల్లవారి మళ్ళీ తినిపించాడు. గుడారం విప్పాడు. యాగంటి దగ్గర దారి ఎక్కాక జీపు ఆపి, నావైపు చూడకుండా చెప్పాడు.

"మీ నాయనకు ఒంట్లో బాగలేదంట. నిన్ను చూడాలంటాండాడంట."

ఎవరు చెప్పారన్నాను. నిన్న బనగానపల్లెలో తెలిసిందన్నాడు. నేనూ ఆ గాలి పీల్చినవాణ్ణే గదా. ఇంకేమీ అడగలేదు. నాకూ అర్థమైపోయింది. నాయన పోయాడు. తలను ముందు సీటుకేసి కొట్టుకుని ఏడ్చాను. పలకరించాలనుకున్నాను నాయనా, పలకరించాలనుకున్నాను అని పదిసార్లు అన్నాను. సారు నా వీపు నిమిరాడు.

కోయిలకుంట్ల మీదుగా పోతే ఆళ్లగడ్డ దగ్గర. కానీ ఉత్త చేతులతో ఎలా పోతాం, కొత్త గుడ్డ, పూలదండ, గంధం నంద్యాలలో దొరుకుతాయి అన్నాడు అన్న. సరేనన్నాను. దూరం దారి పట్టుకుని నంద్యాల వెళ్ళాం. ఇంకా అంగళ్ళు తెరవలేదు. గుడ్డల అంగడి ముందు జీపులో కూర్చుని ఎదురుచూశాం. సారు అంగడాయన ఇంటికి పోయి లేపుకొచ్చాడు. ఆయన తాళం తీసి, దీపం పెట్టి, దండం పెట్టుకుని, తీరిగ్గా కోరా గుడ్డ కొలిచి చించి ఇచ్చాడు. పూలకు ఇంకొంత సేపు పట్టింది.

మా వీధిలోకి జీపు తిరిగినప్పుడు జనం లేరు. డప్పు లేదు. మా వాకిట్లో మంచం వేసి లేదు, నిప్పు లేదు. అన్న జీపు ఆపి నావైపు చూశాడు. నేను గుడ్డ మూట చంకలో పెట్టుకుని దిగాను. ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటని వాకిలి దాకా వచ్చాను. అప్పుడు లేచింది లోపలినుంచి ఏడుపు, ఒక్కసారిగా, ఇంట్లో ఆడవాళ్ళందరిదీ. మా మేనత్త జుట్టు విరబోసుకుని బయటికి వచ్చి నన్ను చూసి కూలబడింది.

"ఇప్పుడే పోయినాడు రా. తెల్లవార్లూ వాకిలి దిక్కే చూసినాడు. బస్సొచ్చిందా అని అడగతానే ఉన్న్యాడు."

నేను లోపలికి వెళ్ళి నాయన చెయ్యి పట్టుకున్నాను. వేడిగా ఉంది. నాయనా అన్నాను. అప్పటికే చుట్టుపక్కలవాళ్ళు వచ్చేశారు. మా చిన్నాయన నా చంకలోని మూట తీసుకుని విప్పి చూసి, అన్నీ తెచ్చినావు, మంచి పని చేసినావు అని నన్ను మెచ్చుకున్నాడు. ఆ మనిషి బతికి ఉండగా, నన్ను చూడాలని వాకిలివైపు చూస్తుండగా, ఆయన మీద కప్పే గుడ్డ బేరం చేసి తెచ్చిన కొడుకును!

పెద్ద కర్మ రోజు అన్న వచ్చాడు. ఎవరో అడిగితే, తినిపించినాకే చెప్పినానని చెప్పాడు. పెద్దవాళ్ళు మంచి మనిషివప్పా అన్నారు. నాకు కడుపు మండిపోయింది. ఆయన్ని దొడ్లోకి తీసుకుపోయి, ఆ సాయంత్రమే చెప్పి ఉంటే మా నాయనను బతికుండగా చూసుండేవాణ్ణి గదా అన్నాను.

"మనోళ్ళు నిజం చెప్పి పంపినారని నాకెట్ల తెలుస్తాది అబ్బీ?" అన్నాడు.

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాటకు జవాబు లేదు. జవాబు లేకపోవడం వల్లనే ఆయన్ని నేను క్షమించలేకపోయాను. తప్పు చేసి ఉంటే క్షమించేవాణ్ణేమో. సారు తర్వాత ఎప్పుడో నాతో, వెంటనే చెబుదామని నాకు అనిపించింది గానీ అన్న మాట కాదనలేకపోయాను అన్నాడు. ఆయనతోనూ మెల్లగా మాటలు తగ్గాయి. ఆ తర్వాత నేను నంద్యాల వదిలేసి వచ్చి సేద్యం చూసుకున్నాను. మా నాయన అడిగింది అదే గనక, చేశాను. చూసేందుకు ఆయన లేడు.

కర్మలు అయ్యాక అమ్మను అడిగాను, చివర్లో నాయన నా గురించి ఏమన్నాడని. నీ మీద కోపం ల్యాదన్యాడు నాయనా, నిన్ను బాగుండమన్యాడు అంది. కొన్నాళ్ళకు మళ్ళీ అడిగితే, నా కొడుకు బంగారమన్నాడు అంది. ఏడాది తిరిగేటప్పటికి ఆ మాటలు ఇంకా పెరిగాయి, నా పేరు పిలుస్తూ కన్ను మూశాడు అంది. మేనత్తను అడిగితే, బస్సొచ్చిందా అన్నాడు, అంతే, ఇంకేమనలేదే అని నా ముఖం చూసి గబుక్కున లేచి వెళ్ళిపోయింది.

ఆయన నన్ను దగ్గరికి తీసుకుందామని పిలిచాడో, చివరిసారి నాలుగు తిడదామని పిలిచాడో నాకు తెలియదు. తిట్టినా నాకు చాలు, నాతో మాట్లాడినట్టే గదా. అమ్మ పోయేదాకా నన్ను చూసినప్పుడల్లా ఆ మాటే చెబుతూ వచ్చింది, కోపం ల్యాకుండానే పోయినాడు అని. నేను ఒక్కసారి కూడా నమ్మలేదు. ప్రతిసారీ నమ్మినట్టు తల ఊపాను.