ఎవరూ అడగని మాట

కోర్టు వెనక సందులో ఇస్త్రీ బల్ల పెట్టుకున్న ఆవిణ్ణి అందరూ ఇస్త్రీ అక్క అనే పిలుస్తారు. చుట్టుపక్కల లాయర్ల నల్లకోట్లన్నీ ఆమె చేతికి రావలసిందే. నల్లకోటు ఇస్త్రీ అంటే మాటలు కాదు. పైన తడిగుడ్డ పరవకుండా పెట్టె ఆనించారంటే గుడ్డ మీద మెరుపు పడుతుంది, ఇక అది పోదు. "కేసు పోయినా ఫర్వాలేదు గానీ, నా కోటు జాగ్రత్త అక్కా" అని లాయర్లు వేళాకోళమాడేవాళ్ళు. కోర్టుకి అంత దగ్గర్లో బతుకుతున్నా, ఆమె లోపలికి వెళ్ళి బోనెక్కింది ఒక్కసారే. అదీ సొంత అన్న మీద సాక్ష్యం చెప్పడానికి.

అన్నయ్య వెల్డరు. నాన్న పోయేనాటికి ఆమెకి జడ వేసుకోవడం కూడా రాదు. అన్నయ్యే చదువు మానేసి గేట్లు చేసే షెడ్డులో చేరాడు. పొద్దున్నే చెల్లెలికి వంకరటింకరగా రెండు జడలు వేసి బడికి పంపేవాడు. నిప్పురవ్వలు పడి అతని చొక్కాలన్నీ జల్లెడలయ్యేవి. "చూడు చిట్టీ, ఇంత గాలాడే చొక్కాలు ఏ దొరకైనా ఉన్నాయా?" అని నవ్వించేవాడు. మనసు వెన్న, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది.

వాళ్ళుండేది కింది వాటాలో. మేడ మీద వాటాలో వ్యాను డ్రైవరూ అతని భార్యా ఉండేవాళ్ళు. అమ్మకి ఆయాసం. డ్రైవరు తెల్లారగానే వ్యాను స్టార్ట్ చేసి, సరిగ్గా అమ్మ కిటికీ కింద ఇంజను వేడెక్కేదాకా వదిలేసేవాడు. పొగంతా గదిలోకే. కాస్త ముందుకి తీసి పెట్టుకో నాయనా అని అమ్మ ఎన్నోసార్లు బతిమాలింది. వింటేగా!

ఒకరోజు పొగకి అమ్మ ఊపిరాడక మంచం పట్టె పట్టుకుని గిలగిల్లాడిపోయింది. అన్నయ్య కంచం ముందునుంచి లేచి, చెప్పులైనా వేసుకోకుండా మెట్లెక్కాడు. మెట్ల మలుపులో ఇద్దరూ ఎదురుపడ్డారు. మాటకి మాట పెరిగింది. డ్రైవరు అతన్ని దాటుకుని రెండు మెట్లు కిందికి దిగి, వెనక్కి తిరిగాడు. చెల్లెలు ఉతికిన బట్టల మూట పట్టుకుని కింద మెట్టు దగ్గరే నిలబడి ఉంది. "మీ అమ్మ ఎప్పుడు పోతుందా అని ఇల్లంతా చూస్తోంది" అన్నాడు డ్రైవరు. అన్నయ్య రెండు చేతులూ అతని గుండెల మీద వేసి తోశాడు. డ్రైవరు వెనక్కి పడి, మెట్లమీదుగా దొర్లి, ఆమె కాళ్ళ దగ్గర సిమెంటు అంచుకి తల కొట్టుకుని ఆగిపోయాడు.

అన్నయ్య దబదబా దిగి, అతన్ని భుజాన వేసుకుని ఖాళీ వీధిలోకి పరిగెత్తాడు. "ఏం కాదు, ఏం కాదు, కళ్ళు తెరువన్నా" అంటూ చివరిదాకా వట్టి కాళ్ళతో పరిగెత్తాడు. ఆస్పత్రిలో స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక, తన చొక్కా మీది రక్తం చూసుకుని భయపడిపోయాడు. పేరైనా చెప్పకుండా షెడ్డుకి వెళ్ళి కూర్చున్నాడు. డ్రైవరు బతకలేదు. పొగ తగాదా సంగతి తెలిసి పోలీసులు అన్నయ్యని పట్టుకెళ్ళారు, ఇంట్లో ఉన్న చెల్లెల్ని సాక్షిగా రాసుకున్నారు.

అన్నయ్య తరఫు లాయరు ఆమెకి కోట్లు ఇచ్చే మనిషే. "ఆస్పత్రిలో చేర్చిందెవరో అక్కడెవరికీ గుర్తు లేదు. కాబట్టి మీ అన్న ఆ టైముకి షెడ్డులో ఉన్నాడు. నువ్వేమీ చూడలేదు. అర్థమైందా?" అన్నాడు. అన్నయ్య భయంతో దానికి ఊఁ కొట్టాడు. అమ్మ కూతురి రెండు చేతులూ పట్టుకుని, "వాడు నిన్ను పెంచాడే తల్లీ" అంది. ఆమె తలూపింది.

తీరా బోనెక్కాక, ఎదురుగా బల్ల మీద కూర్చున్న డ్రైవరు భార్య కనిపించింది. చూపు తిప్పుకోవడం చేతకాలేదు.

"అతన్ని తోసిందెవరు?" అన్నాడు అవతలి లాయరు.

నేర్పిన అబద్ధం వదిలేసింది. "మా అన్నయ్యేనండి."

"చెయ్యి తగిలిందా, తోశాడా?"

"తోశాడండి. రెండు చేతులతో."

అన్నయ్య లాయరు తల పట్టుకున్నాడు. చివర్లో జడ్జిగారు, "ఇంకేమైనా చెప్పాలా అమ్మా?" అని అడిగారు. నోటి నిండా మాటలున్నాయి. "లేదండి" అని దిగొచ్చేసింది.

ఏడేళ్ళ శిక్ష పడింది.

నెలనెలా జైలుకి వెళ్ళేది. ములాఖత్ కిటికీ దగ్గర వరసలో నిలబడేది. తనవంతు వచ్చాక వార్డరు లోపలికెళ్ళి వచ్చి, "రానన్నాడమ్మా" అనేవాడు. మొదట్లో కాస్త జాలిగా, తర్వాత తర్వాత విసుగ్గా. ఇంత మొండితనమేమిటో అనుకునేది. అబద్ధం చెప్పి కాపాడనందుకే ఈ కోపమనుకుని, తనలో తనే వాదించుకునేది. అమ్మ పోయిన కబురు కూడా ఆ వార్డరుతోనే లోపలికి పంపింది. ఇద్దరు పోలీసుల మధ్య వచ్చి అమ్మని చూసుకున్నాడు. చెల్లెలి వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు.

విడుదలయ్యాక వెళ్ళడానికి వేరే గుమ్మం లేదు, ఇంటికే వచ్చాడు. తలుపు బార్లా తీసున్నా దాని ముందు నిలబడి చెల్లెలు రమ్మనేదాకా ఆగేవాడు. ఆమె ఇస్త్రీ చేస్తుంటే వచ్చి, "బాత్రూముకి వెళ్ళొచ్చా?" అని అడిగేవాడు. అడిగాక తనే సిగ్గుపడేవాడు. పెరట్లోకి వెళ్ళి ఏడవడం తప్ప ఆమెకేం తోచేది కాదు.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగేసింది. "నేను అబద్ధమాడి ఉండాల్సిందా అన్నయ్యా?"

"తోశానని చెప్పావు. తోశాను, కాదనను. ఎత్తుకుని పరిగెత్తానని ఎందుకు చెప్పలేదే?"

ఆమె చేతిలో ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది. "ఎవరూ అడగలేదన్నయ్యా."

"అడిగితేనే చెబుతావా? చివర్లో జడ్జిగారు అడగనే అడిగారుగా. లాయరు చెప్పినదానికి నేను భయపడి ఊఁ అన్నాను, నా నోరు నేనే కట్టేసుకున్నాను. నువ్వు చూశావుగా. కోర్టులో అంతమందీ నన్ను ఓ మనిషిని తోసేసి పోయినవాడిలా చూశారు. అందులో నువ్వూ ఉన్నావనుకున్నాను."

కమురు వాసన వచ్చేదాకా ఆమెకి పెట్టె కింది కోటు గుర్తురాలేదు.

ఆ వారంలోనే డ్రైవరు భార్యని వెతుక్కుంటూ వెళ్ళింది. ఆవిడ ఊరికి అవతల ఓ బడిలో ఆయాగా చేస్తోంది. వరండా కడుగుతున్న చీపురు పక్కన పెట్టి, గోడకి ఆనుకుని నిలబడి విన్నది.

"అక్కా, ఆరోజు మా అన్నయ్య మీ ఆయన్ని భుజాన వేసుకుని ఆస్పత్రి దాకా పరిగెత్తాడు. ఆ ముక్క నేను కోర్టులో చెప్పలేదు. మీకైనా చెప్పాలని వచ్చాను."

"నాకు తెలుసు" అందావిడ. "మేడ మీద కిటికీలోంచి చూశాను. నన్నూ ఎవరూ అడగలేదు. అడిగినా ఆరోజు చెప్పేదాన్ని కాదేమో, అప్పటికి కడుపు అంత మండిపోయి ఉంది."

"మా అన్నయ్య ఒకసారి వచ్చి మిమ్మల్ని..."

"వద్దమ్మా. తీసుకురాకు. పరిగెత్తాడు, నిజమే. తోసిందీ ఆ చేతులే. నేను చూడలేను." ఆవిడ మళ్ళీ చీపురందుకుంది.

ఇంటికొచ్చి అంతా చెప్పింది, ఏదీ దాచలేదు. రావద్దందని కూడా చెప్పింది. అన్నయ్య తలొంచుకుని విని, "పోనీలే, చూసిందన్నమాట" అన్నాడు. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు.

పాత షెడ్డువాళ్ళు పనిలో పెట్టుకోలేదు. వేరే ఊళ్ళో కిటికీ చువ్వలు అతికే పని దొరికితే వెళ్ళిపోయాడు. ఎప్పుడైనా సెలవు దొరికితే వస్తాడు. అన్నం తింటాడు, నాలుగు మాటలు మాట్లాడతాడు. ఆ నాలుగింటిలో ఒకటి చిన్నప్పటిది ఉంటే ఆమెకి ఆరోజు పండగే.

చెప్పి ఉంటే శిక్ష ఒక్కరోజైనా తగ్గేదో లేదో ఆమెకి తెలియదు. ఆ లెక్క ఆమె వేసుకోదు కూడా. సాక్ష్యానికి వచ్చిన ఆడవాళ్ళు పిలుపు వచ్చేదాకా ఆమె బల్ల నీడలో కూర్చుంటారు. వాళ్ళకి మంచినీళ్ళిచ్చి, "అడిగినంతవరకే చెప్పి దిగిపోకండమ్మా, చూసిందంతా చెప్పండి" అంటుంది. మా సాక్షుల్ని చెడగొడుతున్నావు అక్కా అని లాయర్లు గోల పెడతారు. కొందరు కోట్లివ్వడం కూడా మానేశారు. ఆమె మాత్రం ఆ మాట చెప్పడం మానలేదు.